జావా 250 (1959) బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు తేవాలి: ఎక్కడ మొదలుపెట్టాలి?

#1 టూస్ట్రోక్_పొగ
అందరికీ నమస్కారం. ఒక జావా 250 చేతికొచ్చింది. మోడల్ 353, 1959 నాటిది. చాలా ఏళ్లు షెడ్డులో కదలకుండా ఉండిపోయింది. ఇంజన్ పట్టేసింది, కిక్ రాడ్డు కొంచెం కూడా దిగడం లేదు. మధ్యలో ఎవరో బండి మొత్తానికీ నల్లరంగు పూసేశారు. ట్యాంకు లోపల తుప్పు. వైరింగ్ సగం కోసేసి ఉంది. రెండు సైలెన్సర్లలో ఎడమది అసలుదే అనిపిస్తోంది, కుడిది వేరే బండిది. స్పీడోమీటర్ మాత్రం బాగానే ఉంది.

నా కోరిక ఒక్కటే. తయారైన రోజున ఎలా ఉందో అలా కావాలి. మొత్తం విప్పేసి ఫ్రేము, మడ్‌గార్డులు, ట్యాంకు శాండ్ బ్లాస్టింగ్‌కి ఇచ్చి, పౌడర్ కోటింగ్ (పొడిరంగు చల్లి వేడికి కరిగించే పూత) చేయించి, క్రోమ్ కొత్తగా వేయిద్దామని ప్లాన్. ఈ వరస సరైనదేనా? రేపటి నుంచే విప్పడం మొదలుపెడదామనుకుంటున్నాను.

#2 మెరుపు_క్రోమ్
బండి బాగుంది బ్రదర్! ప్లాన్ కూడా బాగుంది. పౌడర్ కోటింగ్ అయితే గీతలు పడవు, పెట్రోలు ఒలికినా తట్టుకుంటుంది. మొదలుపెట్టండి, ఫోటోలు పెడుతూ ఉండండి.

#3 పాతఇనుము
టూస్ట్రోక్ గారూ, దయచేసి రేపు ఏమీ విప్పకండి. బ్లాస్టింగ్ ఆలోచన అయితే పూర్తిగా పక్కన పెట్టండి, కనీసం ఆ నల్లరంగు కింద ఏముందో తెలిసేదాకా.

బండిని అసలు స్థితికి తేవాలన్నారు కదా. ఆ అసలు స్థితి ఎలా ఉండేదో చెప్పగలిగే సాక్ష్యం ఇప్పుడు మీ బండి మీదే ఉంది. ఏ బోల్టుకు ఏ పూత, ఏ కేబుల్ ఫ్రేముకు ఏ పక్కనుంచి వెళ్ళింది, లైనింగ్ గీత (రంగు మీద అలంకారంగా గీసే సన్నటి గీత) ట్యాంకు అంచు నుంచి ఎంత దూరంలో ఉంది, బ్రాకెట్ వెనక రంగు పూశారా లేక ప్రైమర్‌తో వదిలేశారా... ఇవన్నీ పార్ట్స్ బుక్కులో దొరకవు. ఒక్కసారి ఇసుకతో కొట్టించారంటే పోయినట్టే. ఆ తర్వాత మీరు చేసేదంతా ఊహ మీద ఆధారపడిందే.

ముందు బండిని ఉన్నది ఉన్నట్టుగా ఫోటోలు తీయండి. మామూలుగా తీసే రెండు పక్కల ఫోటోలు చాలవు. హ్యాండిల్ కింద, సీటు కింద, ఇంజన్ బ్రాకెట్లు, కేబుళ్ళ దారి, బ్రేక్ రాడ్డు చివర నట్టు ఎన్ని మరలు బయటికి ఉందో కూడా. ఫ్రేము నంబరు, ఇంజన్ నంబరు రెండూ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి తీయండి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు కూడా తీసి పెట్టుకోండి. ఆ నంబర్ల మీద గ్రైండర్ గానీ వైర్ బ్రష్ గానీ పెట్టనివ్వద్దు. అరిగిన నంబరును మళ్ళీ కొట్టించే ఆలోచన ఎవరిచ్చినా వినకండి. చట్టపరంగా చిక్కు, పైగా బండి గుర్తింపే పోతుంది.

విప్పేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకోండి. ఒక భాగం విప్పగానే దాని నట్లు, బోల్టులు, వాషర్లు తీసిన వరసలోనే తిరిగి దానికే బిగించేయండి. అలా కుదరనివి చిన్న కవర్లో వేసి, పెన్నుతో రాసి, దేనివో ఆ భాగానికే కట్టండి. అన్నీ ఒకే డబ్బాలో పోసిన బండ్లు ఎన్నో అలాగే డబ్బాల్లో మిగిలిపోయాయి.

#4 మెరుపు_క్రోమ్
పాతఇనుము గారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. తుప్పు పట్టి, ఎవరో నల్లరంగు పూసిన బండిలో కాపాడాల్సినంత సాక్ష్యం ఏముంటుంది? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున బండి మెరిసేది. తుప్పుతో రాలేదు కదా. కొత్తదానిలా చేస్తేనే కదా అసలు స్థితి?

#5 పాతఇనుము
మంచి ప్రశ్న. దీని మీద పాత వాహనాల లోకంలో చాలా కాలంగా చర్చ ఉంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ట్యూరిన్ చార్టర్ అనే పత్రాన్ని ఆమోదించింది. పాత కట్టడాల పరిరక్షణ కోసం 1964లో వచ్చిన వెనిస్ చార్టర్ ఆలోచనే దానికీ పునాది. దాన్లో ఉన్న ముఖ్యమైన మాట ఇది: సంరక్షణ వేరు, పునరుద్ధరణ వేరు. ఉన్నదాన్ని పాడవకుండా ఆపడం మొదటిది. పోయినదాన్ని తిరిగి నిలబెట్టడం రెండోది. మొదటిది సాధ్యమైన చోట రెండో దానికి వెళ్ళకూడదు. మార్చిన భాగాలకు చెరగని చిన్న గుర్తు పెట్టాలని, చేసిన పనంతా రాసిపెట్టాలని కూడా అందులో ఉంది.

మీరు అన్నట్టు తుప్పుతో రాలేదు, నిజమే. కానీ చాలా రెస్టొరేషన్లు చూశాను, ఫ్యాక్టరీ ఎన్నడూ ఇవ్వని మెరుపు ఇస్తున్నారు. క్రాంక్‌కేసు అద్దంలా పాలిష్ చేస్తారు, అది అచ్చులోంచి వచ్చిన గరుకుతోనే ఉండేది. జింకు పూత ఉన్న నట్లన్నిటికీ క్రోమ్ వేస్తారు. పౌడర్ కోటింగ్ మందంగా పడి ఫ్రేము వెల్డింగ్ గీతలు, చిన్న అక్షరాలు పూడుకుపోతాయి. బాగానే కనిపిస్తుంది, కాదనను. కానీ అది 1959 బండి రూపం కాదు.

#6 ఫీలర్_గేజ్
పౌడర్ కోటింగ్ గురించి ఇంకో మాట. హ్యాండిల్ బేరింగ్ కప్పులు కూర్చునే చోట, స్వింగ్ ఆర్మ్ పిన్ను రంధ్రంలో, ఇంజన్ బోల్టుల రంధ్రాల్లో పూత పడితే ఏదీ సరిగ్గా కూర్చోదు. బిగించిన చోట పూత నలిగి కొన్నాళ్ళకు బోల్టు వదులవుతుంది. తప్పదనుకుంటే ఆ చోట్లన్నీ ముందే మూసి ఇవ్వాలి, ఇచ్చే ముందు పక్కన నిలబడి చూసుకోవాలి.

ఇంజన్ సంగతి నేను చెప్తాను. ముందు ఒక హెచ్చరిక: కిక్ రాడ్డు మీద ఎక్కి తొక్కకండి. ఈ మోడల్లో గేరు లీవరే కిక్ లీవరు కూడా, దాని లోపలి పళ్ళ మీద అంత బరువు వేయకూడదు. గేర్లో పెట్టి బండిని తోయడం కూడా వద్దు.

#7 టూస్ట్రోక్_పొగ
అందరికీ ధన్యవాదాలు. విప్పడం ఆపాను. ఫోటోలు తీస్తున్నాను. తీస్తుంటే తెలుస్తోంది, ఎన్ని చిన్న విషయాలు ఉన్నాయో. హెడ్‌లైట్ రింగు తీస్తే లోపల అంచున నల్లరంగు చేరలేదు. అక్కడ ముదురు ఎరుపు ఉంది, చాలా గట్టిగా, మెరుస్తూ.

ఫీలర్ మేడమ్, ఇంజన్ గురించి వివరంగా చెప్పగలరా?

#8 రంగులడబ్బా
ఆ ఎరుపు మాట విని ఆగలేకపోయాను. అన్నా, ఇంజన్ తర్వాత. ముందు ఈ పని చేయండి.

టూల్ బాక్సు మూత లాంటి చిన్న భాగం తీసుకోండి, మూల మీద రూపాయి బిళ్ళంత చోటు చూసుకుని 1000 నంబరు నీళ్ళ కాగితంతో మెల్లగా గుండ్రంగా రుద్దండి. మధ్యలో లోతుగా, అంచుకు పైపైగా. పొరలన్నీ వలయాల్లా బయటపడతాయి: పైన నలుపు, దాని కింద ఏదైనా ప్రైమరో లప్పమో ఉంటే అది, ఆ తర్వాత ఫ్యాక్టరీ రంగు, దాని కింద ఫ్యాక్టరీ ప్రైమరు, చివరికి రేకు. నలుపుకూ ఎరుపుకూ మధ్య ప్రైమర్ లేదంటే మీకు అదృష్టం ఉన్నట్టే. తర్వాత పూసినవాళ్ళు సరిగ్గా గీకకుండా మీదమీదే కొట్టారన్నమాట.

అప్పట్లో రంగు పూసి పొయ్యి గదిలో వేడికి గట్టిపరిచేవాళ్ళు. తర్వాత వేసిన గాలికి ఆరే రంగు థిన్నర్‌కు మెత్తబడుతుంది. వేడికి ఆరిన పాత రంగు చాలాసార్లు తట్టుకుంటుంది. కాబట్టి కనపడని చోట ఒక గుడ్డకు కొంచెం థిన్నర్ అద్ది రుద్ది చూడండి. గుడ్డకు నలుపు అంటుతూ ఎరుపు అంటకపోతే, పైరంగును మాత్రమే తీసేయవచ్చు. ఎరుపు అంటిందా, వెంటనే ఆపండి.

#9 టూస్ట్రోక్_పొగ
చేశాను! నలుపుకూ ఎరుపుకూ మధ్య ఏమీ లేదు. గుడ్డకు నలుపే వచ్చింది. మూత మీద అరచేయంత మేర తుడిచేసరికి కింద బంగారు రంగు లైనింగ్ గీత కనిపించింది. సన్నగా, ఒక చోట కొంచెం వంకరగా, చేత్తో గీసినట్టే ఉంది. ఫోటో పెట్టాను చూడండి.

బ్లాస్టింగ్ ఆలోచన మానేశాను.

#10 మెరుపు_క్రోమ్
ఆ గీత చూశాక నేనూ ఒప్పుకుంటున్నాను. ఇది కాపాడుకోవాల్సిన రంగే.

#11 రంగులడబ్బా
ఆ వంకర గీత ఎంత విలువైందో మాటల్లో చెప్పలేను. పొడవాటి మెత్తని వెంట్రుకల బ్రష్షుతో, ఒక్క ఊపులో గీసిన గీత అది. ఇప్పుడు మనం టేపు అంటించి ఎంత తిన్నగా గీసినా ఆ జీవం రాదు.

ఇక జాగ్రత్తలు. లైనింగ్ పైపొర మీద గీసినది కాబట్టి ఎరుపుకన్నా బలహీనం. గీత ఉన్నచోట థిన్నర్ వద్దు. అక్కడికి వచ్చేసరికి 2000 నంబరు కాగితం సబ్బునీళ్ళలో ముంచి, నలుపు పల్చబడేదాకా రుద్ది, చివరి పొరను పాలిషింగ్ కాంపౌండ్‌తో తీయండి. ఓపిక పట్టాలి. బాగా గాలి ఆడే చోట, చేతి తొడుగులు, ముక్కుకు సరైన మాస్కు పెట్టుకుని చేయండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, అందుకే పొడిగా రుద్దకండి, ఎప్పుడూ తడిగానే.

రంగు పోయి రేకు బయటపడిన చోట్లు తప్పకుండా ఉంటాయి. వాటికి మాత్రం రంగు కలిపి పూయాలి. కలపడానికి నమూనా కోసం ఎండ తగలని చోటు చూడండి, ట్యాంకు బ్యాడ్జి కింద గానీ సీటు కింద గానీ. ఎండకు ఎరుపు వెలిసిపోతుంది, వెలిసిన చోట కొలిస్తే రంగు తప్పుతుంది. పైన క్లియర్ కోటు వేయకండి. క్లియర్ వేస్తే గాజు కింద పెట్టినట్టు లోతు వస్తుంది, పాత రంగు పక్కన పెడితే ఇట్టే తెలిసిపోతుంది. ఒకే పొరతో మెరిసే రకం రంగు వాడండి.

#12 ఫీలర్_గేజ్
ఇప్పుడు ఇంజన్‌కి వద్దాం.

ప్లగ్గు తీసి, ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి ప్లగ్గు రంధ్రంలోంచి పోయండి. అసిటోన్ తేలిగ్గా మండుతుంది, దగ్గర నిప్పు ఉండకూడదు. కొన్ని రోజులు అలాగే వదిలేయండి. ఇది రెండు ఎగ్జాస్ట్ పోర్టులు, అంటే పొగ బయటికి పోయే రంధ్రాలు, ఉన్న టూ స్ట్రోక్, పిస్టన్ ఎక్కడ ఆగిందో దాన్నిబట్టి పోసిన నూనె పోర్టుల్లోంచి కారిపోవచ్చు. అందుకని సైలెన్సర్ పైపులు తీసి చూసుకుంటూ మళ్ళీ మళ్ళీ పోయాలి.

తర్వాత హెడ్డు తీయండి. పిస్టన్ తల మీద సరిపోయేంత గట్టి చెక్క దిమ్మ పెట్టి, బోర్ (సిలిండర్) చుట్టూ హీట్ గన్‌తో వేడి చేసి, సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయండి. పిస్టన్ అంచు మీద కొట్టవద్దు. కదలడం మొదలైందంటే కంగారు పడకుండా కిందికీ పైకీ కొంచెం కొంచెం ఆడించి బోర్ పైకి లాగేయండి. పడిన తుప్పు పొడి క్రాంక్‌లోకి పోకుండా బోర్ ఎత్తగానే కింద శుభ్రమైన గుడ్డ కుక్కాలి.

బోర్ బయటికి వచ్చాక కంటితో నిర్ణయించకండి. బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, అడ్డంగా నిలువుగా కొలిపించండి. ఫ్యాక్టరీ కొలత 65 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 75. రీబోర్ (అరిగిన బోర్‌ను కొంచెం పెద్దదిగా కోయించడం) తప్పనిసరైతే, కొత్త పిస్టన్ చేతికొచ్చాకే చేయించాలి. పిస్టన్‌కు ఎంత క్లియరెన్స్ ఇవ్వాలో దాన్ని తయారుచేసినవాళ్ళు చెప్తారు, ఆ లెక్కనే వెళ్ళాలి. టూ స్ట్రోక్‌లో చాలామంది వదిలేసే పని ఒకటుంది: రీబోర్ తర్వాత పోర్టుల అంచులు కత్తిలా మిగులుతాయి. వాటిని సన్నగా వాలు చేయకపోతే రింగు తగిలి విరుగుతుంది. రింగు చివరలు ఆగే చిన్న పిన్నులు పోర్టు గుండా పోకుండా పిస్టన్ సరైన వైపు తిప్పి పెట్టారో లేదో కూడా చూడాలి.

#13 తుప్పు_వదలదు
నాదొక సందేహం, క్షమించండి, మధ్యలో వస్తున్నాను. నేను బీఎస్ఏ ఎం20 అనే పాత బ్రిటిష్ బండి మీద పని మొదలుపెట్టాను. నా దగ్గరున్న స్పానర్లేవీ సరిగ్గా పట్టడం లేదు. జారిపోతున్నాయి.

#14 పాతఇనుము
జారే స్పానర్‌తో ఇంకొక్క నట్టు కూడా తిప్పకండి, మూలలు పోతే మళ్ళీ రావు. ఆ కాలం బ్రిటిష్ బండ్లకు విట్‌వర్త్ (పాత బ్రిటిష్ అంగుళాల కొలత) స్పానర్లు కావాలి. మరల్లో కూడా తేడా ఉంటుంది. విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. వాటిలోనే సైకిల్ మరలు అని ఇంకో రకం, అంగుళానికి 26 చొప్పున ఉంటాయి. దగ్గరగా ఉంది కదా అని మెట్రిక్ బోల్టు దూర్చితే కొంత దూరం పోయి లోపలి మరను కోసేస్తుంది.

జపాన్ బండ్లకు ఇంకో చిక్కు. వాటి ప్లస్ స్క్రూలు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం, చాలావాటికి తల మీద చిన్న చుక్క ఉంటుంది. మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ పెడితే ఎగిరి బయటికి వచ్చి తల తినేస్తుంది. మొండికేసిన వాటికి ఇంపాక్ట్ డ్రైవర్ వాడాలి, సుత్తి దెబ్బతో తిరిగేది.

టూస్ట్రోక్ గారిది మెట్రిక్కే. అక్కడా ఒకటి గమనించాలి. పాత పద్ధతి 10 మిల్లీమీటర్ల బోల్టు తల 17, ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణంలో 16. కొత్త బోల్టులు వేసిన బండి తెలిసినవాడి కంటికి అక్కడే దొరికిపోతుంది. కాబట్టి పాత బోల్టులు పారేయకుండా శుభ్రం చేసి జింకు పూత వేయించుకోండి.

#15 ఫీలర్_గేజ్
పూత విషయంలో భద్రత మాట ఒకటి. స్ప్రింగులు, గట్టి ఉక్కు బోల్టులు, ఇరుసులు యాసిడ్‌లో ముంచి పూత వేస్తే హైడ్రోజన్ లోహంలోకి చేరి పెళుసు చేస్తుంది. బయటికి ఏమీ తెలియదు, బరువు పడ్డాక ఉన్నట్టుండి విరుగుతాయి. పూత అయిన వెంటనే 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చాలి. ఆ ఏర్పాటు లేని చోట ఇలాంటి భాగాలు ఇవ్వకండి. బ్రేకు, ఇరుసు, హ్యాండిల్ భాగాల్లో దెబ్బతిన్నదేదైనా ఉంటే అక్కడ పాతదని మమకారం పెట్టుకోకుండా మార్చేయాలి.

#16 టూస్ట్రోక్_పొగ
పిస్టన్ కదిలింది! మేడమ్ చెప్పినట్టే చేశాను. బోర్ బయటికి వచ్చింది. కనెక్టింగ్ రాడ్డు పైకీ కిందికీ ఊగడం లేదు, పక్కలకు మాత్రం కొంచెం కదులుతోంది.

ఇప్పుడు ట్యాంకు. బయట పక్కల క్రోమ్ ఉంది, మచ్చలు పడ్డా పొర లేవలేదు. పైన ఎరుపు బాగానే బయటపడుతోంది. లోపల మాత్రం తుప్పు పెళ్ళలు. బయట చెడకుండా లోపల ఎలా శుభ్రం చేయాలి?

#17 ఫీలర్_గేజ్
పక్కలకు కదలాల్సిందే, అది ఫ్యాక్టరీ ఇచ్చిన వదులు. పైకీ కిందికీ లేదంటే బిగ్ ఎండ్ (ఆ రాడ్డు కింది చివర బేరింగు) బాగున్నట్టు. అయినా క్రాంక్ విప్పకపోయినా సరే, ఆయిల్ సీళ్ళు, మెయిన్ బేరింగులు మార్చకుండా మూయకండి. టూ స్ట్రోక్‌లో క్రాంక్ సీలు గట్టిపడి గాలి పీలిస్తే మిశ్రమం పలచబడి కొత్త పిస్టన్ మళ్ళీ పట్టేస్తుంది. బేరింగు తీయడానికి కేసును 100 నుంచి 120 డిగ్రీల దాకా సమంగా వేడి చేయండి. అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, బేరింగు దానంతటదే వదులుతుంది. సుత్తి అవసరం రాదు.

కేసులు శుభ్రం చేయడానికి గాజు పూసల బ్లాస్టింగ్ చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఒక్క పూస నూనె దారిలో ఇరుక్కున్నా బేరింగుకు ప్రమాదం. కిరోసిన్, బ్రష్షు, వేడి సబ్బునీళ్ళు చాలు.

#18 పాతఇనుము
ట్యాంకుకు ఎలక్ట్రాలిసిస్ పద్ధతి మంచిది. బయట ఏమీ అంటదు.

ముందు పెట్రోలు వాసన పూర్తిగా పోయేదాకా సబ్బునీళ్ళతో పదే పదే కడగండి. పెట్రోలు కాక్ తీసి ఆ రంధ్రం బిగించండి. నీళ్ళలో చాకలి సోడా కలిపి నింపండి, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున. మూత రంధ్రంలోంచి ఒక మామూలు ఇనుప కడ్డీ దింపి, ట్యాంకుకు ఎక్కడా తగలకుండా రబ్బరుతో ఆపండి. బ్యాటరీ ఛార్జర్ పాజిటివ్ కడ్డీకి, నెగటివ్ ట్యాంకుకు. తారుమారైతే తుప్పు బదులు ట్యాంకే కరుగుతుంది, కాబట్టి రెండుసార్లు చూసుకోండి. స్టెయిన్‌లెస్ కడ్డీ వద్దు, దాని నుంచి విషపూరితమైన క్రోమియం నీళ్ళలోకి వస్తుంది.

బుడగలుగా వచ్చేది హైడ్రోజన్. ఆరుబయట చేయండి, క్లిప్పులు తీసే ముందు ఛార్జర్ స్విచ్చి కట్టేయండి. కడ్డీకి తుప్పు పేరుకుంటుంది, తీసి గీకి మళ్ళీ పెట్టాలి. అయ్యాక వేడినీళ్ళతో కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టండి. ఆలస్యమైతే కళ్ళముందే మళ్ళీ నారింజరంగు తుప్పు వస్తుంది. ఆరగానే టూ స్ట్రోక్ ఆయిల్ కలిపిన పెట్రోలు కొంచెం పోసి లోపలంతా తిప్పండి. మీ బండి నడిచినంతకాలం పెట్రోల్లో నూనె ఉంటుంది కాబట్టి ఫోర్ స్ట్రోక్ వాళ్ళకంటే మీ ట్యాంకు సురక్షితం.

కారని ట్యాంకుకు లోపల సీలర్ పూయకండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు కొన్ని రకాల సీలర్లు పొరలుగా ఊడి కార్బొరేటర్‌ను మూసేస్తాయి. ఊడిన సీలర్ తీయడం తుప్పు తీయడంకన్నా కష్టం.

#19 మెరుపు_క్రోమ్
క్రోమ్ గురించి నా వంతు. మచ్చలున్నా పొర లేవలేదు అన్నారు కదా, అయితే దాన్ని అలాగే ఉంచండి. అల్యూమినియం రేకు ముక్కను నీళ్ళలో తడిపి మెల్లగా రుద్దితే పైపై తుప్పు పోతుంది, తర్వాత మైనం పూయండి. తిరిగి క్రోమ్ వేయించాలంటే పాతదంతా తీసి, రేకును పాలిష్ చేసి, నికెల్ వేసి, దాని మీద క్రోమ్ వేస్తారు. ఆ పాలిష్‌లోనే మూలల పదును, అచ్చు గుర్తులు అరిగిపోతాయి. పైగా ట్యాంకు మొత్తం ఆ తొట్లలో ముంచాల్సి వస్తుంది, మీ ఎరుపు రంగు, లైనింగ్ రెండూ పోతాయి.

కుడి సైలెన్సర్ కొత్తది కొనకుండా పాతది వెతకండి. ఇప్పటి నకళ్ళు పక్కన పెడితే చేప తోక దగ్గర వంపు తేడా తెలుస్తుంది.

#20 పాతఇనుము
వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మైసూరులో ఐడియల్ జావా 1961లో ఇదే 353తో మొదలుపెట్టింది. కాబట్టి చెకోస్లోవేకియా భాగాలు, మైసూరు భాగాలు మార్కెట్లో కలిసిపోయి ఉంటాయి, చాలావరకు ఒకదానికొకటి పట్టేస్తాయి. రెండూ మంచివే, కానీ మీది 1959 బండి. కొనేముందు భాగం మీద అచ్చయిన గుర్తులు చూడండి. తప్పక వేరేది వేస్తే లోపలి వైపు చిన్న గుర్తు గీసి, పుస్తకంలో రాసిపెట్టండి. మీ తర్వాత ఆ బండి చూసుకునేవాళ్ళకు అది ఎంతో సాయం.

#21 సిక్స్_వోల్ట్
కరెంటు వంతు వచ్చేసరికి ఇంత ఆలస్యమైంది! టూస్ట్రోక్ గారూ, 12 వోల్టులకు మార్చేయమని చాలామంది చెప్తారు. అవసరం లేదండి. 6 వోల్టుల లైటు మసకగా ఉండటానికి అసలు కారణం చాలాసార్లు వైర్లూ, కలిపిన చోట్లూ.

లెక్క చూడండి. 30 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, 6 వోల్టుల దగ్గర 5. కరెంటు రెట్టింపు, అదే వైరులో పోయే వోల్టేజీ కూడా రెట్టింపు. ఉన్నదే 6, అందులో ఒక వోల్టు దారిలో పోయిందంటే బల్బుకు చేరేది 5. అందుకే సన్నటి కొత్త వైర్లు వేయకండి, పాతవాటికన్నా ఒక సైజు లావు వేసి, పైన పాతదానిలాంటి తొడుగు ఎక్కించండి. బయటికి తేడా తెలియదు.

ఎర్తు మరీ ముఖ్యం. కొత్తగా రంగేసిన ఫ్రేము కరెంటుకు గోడలాంటిది. హెడ్‌లైట్, టెయిల్ లైట్, హారను, డైనమో ఎర్తు కలిసే చోట రంగు గీకి, పళ్ళున్న వాషరు వేసి, బిగించాక పైన వాజలీన్ రాయండి. కావాలంటే కనపడకుండా ఒక ఎర్తు వైరు బ్యాటరీ దాకా లాగండి.

డైనమో చాలాకాలం ఊరికే ఉంది కాబట్టి అయస్కాంత గుణం పోయి ఛార్జింగ్ రాకపోవచ్చు. పాడైందనుకుని మార్చేయకండి. ఫీల్డు చుట్టకు బ్యాటరీ నుంచి క్షణంపాటు కరెంటు తగిలిస్తే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. పాజిటివ్, నెగటివ్ ఏ వైపో వైరింగ్ పటం చూసి ఖాయం చేసుకున్నాకే చేయండి.

స్పీడోమీటర్ బాగుందన్నారు. తిరిగిన కిలోమీటర్ల అంకెలు సున్నా చేయొద్దు. డయలు మీద స్పిరిట్, థిన్నర్ పెట్టొద్దు, అక్షరాలు చెరిగిపోతాయి. ఆ కాలం కొన్ని మీటర్లలో చీకట్లో మెరవడానికి రేడియం కలిసిన రంగు వాడేవాళ్ళు. మీదాంట్లో ముల్లు మీదో అంకెల మీదో పొడిబారిన రంగు కనిపిస్తే గీకకండి, ఊదకండి.

#22 తుప్పు_వదలదు
ఊదకండి అంటే గుర్తొచ్చింది, బ్రేకు డ్రమ్ములో దుమ్ము గాలి కొట్టి శుభ్రం చేయవచ్చా?

#23 ఫీలర్_గేజ్
అస్సలు వద్దు. ఆ కాలం బ్రేకు లైనర్లలో, క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడి గుడ్డతో తుడిచి, గుడ్డను కవర్లో కట్టేసి పారేయండి. లైనర్లు ఆస్‌బెస్టాస్ లేనివి వేయించండి. ఇక్కడ అసలుది ఉండాలన్న పట్టుదల వద్దు. టైర్లూ అంతే. పాతవాటి గాడి ఎంత బాగున్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. కొత్తవి కొనేటప్పుడు పక్కన నాలుగంకెల తేదీ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం.

#24 టూస్ట్రోక్_పొగ
అందరికీ రుణపడి ఉన్నాను. ఇప్పుడున్న పరిస్థితి: ట్యాంకు, మడ్‌గార్డులు, టూల్ బాక్సు మీద నలుపు పోయింది. మూడొంతుల ఎరుపు నిలబడింది. లైనింగ్ వెనక మడ్‌గార్డు మీద కొంత పోయింది, దాన్ని అలాగే వదిలేయాలా, గీయించాలా అని ఆలోచిస్తున్నాను. బోర్ చేయించాను, సీళ్ళు, బేరింగులు కొత్తవి. పాత సైలెన్సర్ ఒకటి దొరికింది, లోపలంతా మసి. ఇంజన్ మూసేశాను, ఇంకా స్టార్ట్ చేయలేదు.

#25 రంగులడబ్బా
గీత సగానికి పైగా ఉంటే వదిలేయండి. కన్ను మిగతాది పూరించుకుంటుంది. ఎప్పుడైనా గీయించవచ్చు, తుడిచేసింది మాత్రం తిరిగి రాదు.

#26 ఫీలర్_గేజ్
స్టార్ట్ చేసే ముందు ఒక పరీక్ష చేయండి. కార్బొరేటర్ చోటు, రెండు ఎగ్జాస్ట్ పోర్టులు రబ్బరు, రేకుతో మూసి, ప్లగ్గు రంధ్రంలోంచి చేతిపంపుతో 5 లేదా 6 పీఎస్ఐ గాలి నింపండి. అంతకు మించొద్దు, కొత్త సీళ్ళు బయటికి వస్తాయి. కొన్ని నిమిషాలు ముల్లు నిలబడాలి. పడిపోతుంటే సబ్బునీళ్ళు పూసి బుడగ ఎక్కడొస్తుందో చూడండి.

సైలెన్సర్ లోపలి బఫిల్ (శబ్దం తగ్గించే గొట్టం) బయటికి తీసి కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెడితే మసి వదులుతుంది. కళ్ళద్దాలు, తొడుగులు తప్పనిసరి. అల్యూమినియం భాగాలను ఆ దరిదాపులకు కూడా తేవద్దు, కరిగిపోతాయి. మసి ఉన్న సైలెన్సర్‌తో స్టార్ట్ చేస్తే ఊపిరాడక వేడెక్కుతుంది, మీరేమో కార్బొరేటర్ తప్పనుకుంటారు.

కొత్త బోర్‌కు మొదట 1:20, అంటే లీటరుకు 50 మిల్లీలీటర్ల నూనె. కుదురుకున్నాక 1:25, లీటరుకు 40. కార్బొరేటర్‌కు పోయే పెట్రోలు పైపు ఇథనాల్ తట్టుకునే రకం వేయండి.

#27 టూస్ట్రోక్_పొగ
గాలి నిలబడింది. ఇవాళ స్టార్ట్ చేశాను. మూడో కిక్కుకే అందుకుంది! రెండు సైలెన్సర్ల నుంచీ సమంగా పొగ. డైనమో లైటు ఆరిపోయింది, అంటే ఛార్జింగ్ వస్తోంది కదా సిక్స్_వోల్ట్ గారూ? హెడ్డు కీలు దగ్గర మాత్రం సన్నగా నూనె తడి కనిపిస్తోంది.

#28 సిక్స్_వోల్ట్
వస్తున్నట్టే. అయినా మీటరు పెట్టి బ్యాటరీ దగ్గర చూడండి. ఇంజన్ వేగం పెంచితే 7 వోల్టుల పైకి వెళ్ళాలి. 8 దాటితే రెగ్యులేటర్ పని ఉంది, అప్పటిదాకా ఎక్కువ దూరం తిప్పకండి, బ్యాటరీ ఉడికిపోతుంది.

#29 ఫీలర్_గేజ్
చాలా సంతోషంగా ఉంది! తడి గురించి టెన్షన్ వద్దు. ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి, వేడి మీద ముట్టుకోవద్దు. తర్వాత హెడ్డు నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, పుస్తకంలో ఇచ్చిన టార్క్‌కే మళ్ళీ బిగించండి. కొత్త ప్యాకింగ్ మొదటి వేడికి కూర్చుంటుంది, నట్లు వదులవుతాయి. కొంత దూరం తిరిగాక ఇంకోసారి చూడండి. అప్పటికీ తడి ఉంటే ఒకే చోట ఉందా, చుట్టూ ఉందా గమనించి ఫోటో పెట్టండి, ప్లగ్గు రంగు కూడా చూపించండి.